పోపులపెట్టెకో తాళం

ఆపరేటింగ్ సిస్టమ్‌లో తాళాల (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే లాకుల) నియమాలన్నీ స్పష్టంగా రాసిపెట్టాలని కుర్రకారు గోల చేస్తున్నారు. నేను దీన్ని గట్టిగా ఖండిస్తున్నాను. అత్తవారింట అడుగుపెట్టిన కోడలికి ఏ గిన్నె ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో ఎవరైనా కాగితం మీద రాసిచ్చారా? ముట్టుకుంటుంది, చీవాట్లు తింటుంది, నేర్చుకుంటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కర్నల్ నడిచేదీ ఈ సంప్రదాయం మీదే.

అలాగని పత్రాలు లేవని కాదు. కర్నల్‌తో పాటు వచ్చే లాకింగ్ గైడుకు పేరే 'నమ్మదగని గైడు'. మెమరీలో చదవడం, రాయడం వరుస తప్పకుండా చూసే మెమరీ బ్యారియర్ల పత్రమైతే మొదట్లోనే, ఇది అసంపూర్ణం, కొంత కావాలని, కొంత మనుషులం కాబట్టి అని ఒప్పేసుకుంటుంది. ఇంత నిజాయితీ ఏ లోన్ కాగితంలోనైనా చూశామా?

పూర్వం ఈ బాధ లేదు. 1996లో లినక్స్ 2.0 వెర్షన్ వచ్చినప్పుడు కర్నల్ మొత్తానికి ఒకే పెద్ద తాళం, తాతగారి మొలతాడుకు వేలాడేదిలాగా. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి వసారాలో కూర్చోవాలి. పట్టుకున్నవాడు కునుకు తీస్తే, అంటే పని ఆపి దేనికోసమో ఎదురుచూస్తే, తాళం దానంతటదే చేయి జారేది, లేచాక మళ్లీ చేతికొచ్చేది. 2011లో 2.6.39తో దాన్ని పూర్తిగా పీకేశారు. ఇప్పుడు గదికో తాళం, అలమారకో తాళం, పోపులపెట్టెకో తాళం. మెమరీ వైపు ఏది ముందు పట్టుకోవాలో తెలియాలంటే కర్నల్ కోడ్‌లో ఆర్‌మ్యాప్ అనే ఫైలు నెత్తిన ఒక కామెంట్ ఉంది, మెట్లు దిగినట్టు తాళం కింద తాళం. దాని చుట్టం ఇంకోటి ఫైల్‌మ్యాప్ అనే వేరే ఫైల్లో ఉంది. ఒకేచోట పెడితే ఎవరైనా చదివేస్తారని భయం కాబోలు.

తాళాల వరుసలో తప్పు పట్టడానికి 2006 నుంచి కర్నల్‌లోనే లాక్‌డెప్ అనే తనిఖీదారు ఉంది. అచ్చం పక్కింటి పిన్నిగారే. "నిన్న మీ ఆయన బీరువా తాళం పట్టుకుని పెట్టె తాళం అడిగాడు. ఇవాళ నువ్వు పెట్టెది పట్టుకుని బీరువాది అడుగుతున్నావు. ఏదో ఒకరోజు ఇద్దరూ బిగుసుకుపోతారమ్మా!" అంటుంది. గొడవ ఇంకా జరగనే లేదు! పిన్నిగారికీ దీనికీ తేడా ఒక్కటే. ఒక్కసారి ఫిర్యాదు చేశాక, మెషిన్ రీబూట్ చేసేదాకా మళ్లీ నోరు తెరవదు.

ఇక తాళాల్లో రకాలు, రకానికో తీరు. మ్యూటెక్స్ అనే రకానికి, ఎదురుచూడకుండా ఒకసారి ప్రయత్నించి చూసే ట్రైలాక్, తాళం దొరికితే 1 ఇస్తుంది. సెమాఫోర్ అనే ఇంకో రకం వైపు అదే పని చేసే డౌన్ ట్రైలాక్, దొరికితే 0 ఇస్తుంది. జాగ్రత్త అని మ్యూటెక్స్ కోడ్ పక్కనే కామెంట్ కూడా రాశారు. నేనూ చదివాను, రెండు రాత్రులు బగ్ వెతికాక.

అందరికీ నోటికొచ్చిన నియమం ఒకటుంది: స్పిన్‌లాక్ (దొరికేదాకా ప్రాసెసర్ అక్కడక్కడే తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని నిద్రపోకూడదు. పోయారా, 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' అని కర్నల్ లాగ్ నిండా అరుపులే. కనీసం దీన్నైనా గుమ్మం మీద రాయిద్దామనుకుంటుండగా, 2024లో 6.12తో, గడువులోగా స్పందించేలా చేసే రియల్‌టైమ్ ఆప్షన్ అసలు కర్నల్‌లోకి వచ్చేసింది. అది ఆన్ చేస్తే స్పిన్‌లాక్ కోసం నిలబడ్డవాడు తిరగడం మానేసి హాయిగా పడుకుంటాడు. నిజంగా తిరిగే తాళానికి 'రా స్పిన్‌లాక్' అని ఎప్పుడో వేరే పేరు పెట్టి ఉంచారు. రేపు దీనికీ నిద్రొస్తే ఏం పేరు పెడతారో, ఆ కామెంట్ ఏ ఫైలు నెత్తిన రాస్తారో.