ఖాళీలు భర్తీ చేయకండి మహాప్రభో

బడుల్లో టీచర్ల కొరత ఎలా తీర్చాలా అని పెద్దలు తలలు పట్టుకుంటున్నారు. సమీక్షలు, సర్దుబాట్లు, మెగా నోటిఫికేషన్లు... వినడానికే ఆయాసంగా ఉంది. గోదావరి జిల్లాల క్షేమం కోరేవాడిగా నా విన్నపం ఒక్కటే. దయచేసి ఆ కొరత తీర్చకండి. కొబ్బరి ధర ఎప్పుడు పడిపోతుందో తెలియదు. రొయ్యకి వైట్‌స్పాట్ తగులుతుంది. వరి కోతకొచ్చే వేళకి తుఫాను తయారు. ఏ తెగులూ సోకకుండా ఏటా దిగుబడి పెరిగేది ఖాళీ పోస్టు ఒక్కటే.

లెక్క చూడండి. ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పే ఒక ఎస్జీటీ పోస్టు నింపితే ఒక్క కుటుంబం బతుకుతుంది. అదే ఖాళీగా ఉంచితే? కోచింగ్ సెంటర్, దాని పక్కన హాస్టలు, హాస్టలు కింద కర్రీ పాయింట్, ఎదురుగా జిరాక్స్ షాపు, స్టడీ హాలు, టెస్ట్ సిరీస్, రిజర్వేషన్ల రోస్టర్ మీద కేసు వేయడానికి ఒక లాయరు, యూట్యూబ్‌లో "రేపే నోటిఫికేషన్" అని రోజూ చెప్పే అన్నయ్య. ఇంతమంది పొట్ట కొట్టి ఒక్కడికి ఉద్యోగం ఇవ్వడం ఏం న్యాయమండీ? టీచరు ఉద్యోగాల పోటీ పరీక్ష అయిన డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడ్డ అవనిగడ్డ కృష్ణా డెల్టాలో ఉంది కదా, మనకేం లాభం అనకండి. రాజోలు నుంచీ పాలకొల్లు నుంచీ బియ్యం బస్తా, ఆవకాయ జాడీ వేసుకుని వెళ్లేది మన పిల్లలే.

ఈ పరిశ్రమ మొన్నటిదాకా చక్కగా నడిచింది. 2018 డీఎస్సీ తర్వాత ఏళ్ల తరబడి ప్రశాంతత. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఎన్నికలయ్యాక అది రద్దయింది. పుస్తకాలు మూసిన వాళ్లు మళ్లీ తెరిచారు, కొత్త ఎడిషన్లు కొన్నారు. ఆ జూన్ 13న 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద ముఖ్యమంత్రి మొదటి సంతకం పడింది. నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్ 20న. సిరా ఆరడానికి పది నెలలు పట్టింది, బహుశా కోస్తా తేమ వల్ల కావచ్చు. ఆ తర్వాతే అనర్థం జరిగిపోయింది. ఉమ్మడి తూర్పు గోదావరికి 1,241, పశ్చిమకి 1,035 పోస్టులు చూపించి, సెప్టెంబరు 25న నియామక పత్రాలు చేతిలో పెట్టేశారు. మరీ అంత తొందరా! ఊరట ఏమిటంటే 3 లక్షల మందికి పైగా రాసినా ఎంపికైంది 15,941 మందే. అర్హులు దొరక్క నాలుగు వందల పోస్టులు మిగిలాయి. వాటిని ఎవరూ ముట్టుకోకుండా వచ్చే నోటిఫికేషన్‌కి పెట్టుబడిగా దాచాలి.

ఓర్పు అంటే ఏమిటో 1998 డీఎస్సీ వాళ్లని చూసి నేర్చుకోవాలి. వాళ్లలో వేలమందికి మినిమం టైమ్ స్కేల్ మీద, అంటే కనీస మూలవేతనం మీద కాంట్రాక్టు పద్ధతిలో, పోస్టింగులు వచ్చింది 2023లో. కుర్రాళ్లుగా రాసి, కళ్లజోళ్లతో చేరారు. తాతా మనవడూ ఒకే ఆటోలో ఒకే బడికి వెళ్లే భాగ్యం ఇంకే శాఖలో దొరుకుతుంది? పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఈ విషయంలో ప్రభుత్వానికి రుణపడి ఉన్నారు. "ఈ డీఎస్సీ అయ్యాక చూద్దామండీ" అన్న ఒక్క మాటతో ఎన్ని కట్నాల బేరాలు మర్యాదగా వాయిదా పడ్డాయో!

చట్టం అడ్డొస్తుందని కొందరి భయం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం మించకూడదు. మంచిదే. అదే చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు చాలంది. ఇద్దరిలో పది శాతం అంటే ఒక మేస్టారిలో అయిదో వంతు. కాబట్టి చట్టాన్ని అక్షరాలా పాటించాలంటే ఒక మేస్టారి చేయో కాలో ఖాళీగా చూపించాలి. ఈ చిక్కుని మనవాళ్లు ఎప్పుడో విప్పేశారు. మనిషి రిజిస్టర్లో ఉంటాడు, ఓటర్ల జాబితా పట్టుకుని ఊళ్లో తిరుగుతూ ఉంటాడు. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికల పనులు తప్ప ఇంకేమీ అప్పగించకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. మన డెల్టాలో ఈ మూడింట్లో ఏదో ఒకటి లేని నెల ఉంటే చెప్పండి.

మిగిలిన రెండో మేస్టారిని ఏటి నడుమ లంక బడిలో చూడాలి. పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసుక దాటి వస్తారు. ముందు ఫోన్ ఆకాశానికెత్తి సిగ్నల్ పట్టాలి, యాప్‌కి ముఖం చూపించాలి. తర్వాత పిల్లల హాజరు, ఆపైన గుడ్ల లెక్క. ఆ మధ్య మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీయించారు. ఇవన్నీ అయ్యాక బోర్డు మధ్యలో సుద్దతో నిలువు గీత గీస్తారు. ఎడమ పక్క ఒకటో తరగతికి "అల, వల". కుడి పక్క అయిదో తరగతికి కసాగు. రెండు, మూడు, నాలుగు తరగతులవాళ్లు ఆ గీతను చదువుకుంటారు. మూడో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లాడి చేయి పట్టుకుని పలక మీద దిద్దిస్తుంది. టెట్ అనే అర్హత పరీక్ష లేదు, మార్కుల నార్మలైజేషన్ లేదు, అదే రోజు పోస్టింగ్! మధ్యాహ్న భోజన పథకానికి పేరిచ్చిన డొక్కా సీతమ్మ గారు ఈ సీమ ఇల్లాలే, లంకల గన్నవరం ఆవిడ. వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టారు. ఫొటో తీసి అప్‌లోడ్ చేయకపోవడం వల్లే ఆవిడకి అంత తీరిక దొరికిందని నా అభిప్రాయం.

ఆగస్టులో ఈ బడికి వరద వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. ఈలోగా కాజ్‌వే మునుగుతుంది, బడికి సెలవు. సెలవు రోజున టీచర్ల కొరత సున్నా. కొరతకి ఇంత పక్కా పరిష్కారం గోదారమ్మ తప్ప ఇంకెవరూ చూపించలేదు.

మధ్యలో విలీనం అనే ప్రమాదం ఒకటి వచ్చింది. 2022లో 117 జీవో పేరుతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. పిల్లలు లేకపోతే పోస్టు ఉండదు. పోస్టే లేకపోతే ఖాళీ ఎక్కడిది? మన మూలధనానికే ఎసరు! 2025లో ఆ జీవోని పక్కన పెట్టబట్టి సరిపోయింది.

ఇందులో నాకేదో స్వార్థం ఉందని గిట్టనివాళ్లు అంటున్నారు. మా మేడ మీద రెండు గదులూ డీఎస్సీకి చదివే కుర్రాళ్లకి అద్దెకిచ్చిన మాట నిజమే. మొన్నటి మెగా దెబ్బకి ఒకడికి ఉద్యోగం వచ్చి గది వదిలి వెళ్లిపోయాడు. ఆ ఒక్క ఖాళీ మాత్రం వెంటనే భర్తీ చేయాలి. అడ్వాన్సు రెండు నెలలది, మోటారు కరెంటు వేరే.