రంగు చూసి ట్రాలీ కొంటే ఇంతే

బాలానగర్‌లో మా షెడ్డుకు కొన్న టూల్ ట్రాలీ ఏడాది తిరక్కుండానే కుంటుతోంది. 300 కిలోలు మోస్తుందని స్టిక్కర్ అంటించారు. చక్రాలేమో బేరింగ్ లేని ప్లాస్టిక్‌వి! ఖాళీ ట్రాలీ తోయడానికే ఒళ్లు హూనమవుతోంది. నేలంతా ఇనుప రజను, ఆయిల్ ఉండే చోట అవి ఎన్నాళ్లు ఆగుతాయి?

అసలు మంట వెల్డింగ్ మీద. కాలూ అడ్డపట్టీ కలిసే చోట చుట్టూ వెల్డింగ్ పెట్టాలి. ఈ ట్రాలీ చేసినవాళ్లు రెండు చుక్కలు అంటించి, పైన నీలం పౌడర్ కోటింగ్ కొట్టేశారు. ఊగి ఊగి ఆ చుక్క పక్కనే రేకు చీలింది. కొలిచి చూస్తే, 1.6 మిల్లీమీటర్లు అని చెప్పి అమ్మిన రేకు ఒక మిల్లీమీటరు కూడా లేదు. తుప్పు గీకకుండా, జిడ్డు కడగకుండా వేసిన రంగు పెచ్చులుగా ఊడిపోతోంది.

వాళ్లకు మిగిలింది కాస్త రేకు, నాలుగు వెల్డింగ్ రాడ్లు. నిండు లోడుతో అది ఒరిగితే నలిగేది మా కుర్రాడి కాలు. ఇకమీదట ట్రాలీని తిరగేసి అడుగు చూపించనివాడి దగ్గర నేను కొనను.