శాలువాలు సరే, లెక్చర్ ఎప్పుడు?

పేరు చెప్పను గానీ మా వరంగల్ దిక్కు ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటోళ్లు ప్రతి శుక్రవారం రీసెర్చ్ లెక్చర్ పెడతరు, బయటి నుంచి సైంటిస్టులను పిలుస్తరు. నేను హుజూరాబాద్‌ల ఇంటర్ పోరగాళ్లకు పాఠం చెప్పుకునేటోన్ని, అయినా బస్సెక్కి వస్త, ఎందుకంటే ఎమ్మెస్సీ అయిపోయినంక కొత్త ఫిజిక్స్ నా చెవిన పడేది అక్కడొక్కకాడనే.

మొన్నటిది గ్రావిటేషనల్ వేవ్స్ మీద, అంటే భారీ వస్తువులు కదిలితే స్థలకాలంల పుట్టే అలలు. మూడింటికన్నరు, మూడున్నరకు షురూ. దీపం వెలిగియ్యనీకి ఫ్యాన్లు బంద్ చేసిన్రు, నాలుగు అగ్గిపుల్లలు ఆరిపోయినయి, దీపం అంటుకున్నంక ఫ్యాన్లు మళ్లేసుడు ఎవ్వరికీ యాదికి లేదు. వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది శాలువాలు, ఒక్కొక్కరివి రెండు మాటలు (రెండంటే ఎంతో మీకు తెల్సు గదా). 2015 సెప్టెంబర్ 14న లైగో (4 కిలోమీటర్ల దూరాన అద్దాలు పెట్టి, అల వస్తే ఆ దూరం ఎంత మారిందో లేజర్‌తోని చూసే అమెరికా పరికరం) పట్టిన సిగ్నల్ మొత్తం కలిపి 0.2 సెకన్లు. దాని ముచ్చట చెప్పనీకి వచ్చినాయనకు మైకు అందేసరికి నాలుగు ఇరవై.

పాపం పరుగు పెట్టిండు. 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయినయి, మూడు సూర్యుళ్లంత ద్రవ్యరాశి అలలై పోయింది, స్లైడ్లు గిర్రున తిరుగుతున్నయి. లైగో ఇండియా కట్టేది మహారాష్ట్రల హింగోలి జిల్లా ఔంఢాల, అంటే బాసర, నాందేడ్ దాటినంక మనోళ్లు నాగనాథుని దర్శనానికి పోయే ఊరే! 2023ల కేంద్రం 2,600 కోట్లకు ఓకే చెప్పింది. మన పక్కకే వస్తున్నదాని గురించి అర నిమిషం.

వెనక బెంచీ పోరడొకడు లేసిండు. "సార్, 4 కిలోమీటర్ల పొడవుల ప్రోటాన్‌ల వెయ్యో వంతు కూడా లేని తేడా పడతరంటున్నరు, అద్దంల అణువులే అంతకన్నా ఎక్కువ ఊగుతయి గదా, మరెట్ల?" ఆ హాల్‌ల ఇంతకన్నా మంచి ప్రశ్న నేనైతే వినలే. మైకు పట్టుకున్న మేడం "టైం లేదు నాయనా, వోట్ ఆఫ్ థ్యాంక్స్ ఉంది" అని కూసోబెట్టింది. ఆ వోట్ ఆఫ్ థ్యాంక్స్ పదకొండు నిమిషాలు, ఫోన్‌ల చూసిన.

అయిపోయినంక చాయ్ కాడ ఆ సైంటిస్టే పోరన్ని ఎతుక్కుంట వచ్చిండు. ఇన్విటేషన్ కార్డు ఎనక పెన్నుతోని గుండ్రంగ అద్దం గీసిండు, నడుమ పెద్ద మచ్చ. లేజర్ సూదిమొనంత గాదు, కొన్ని సెంటీమీటర్ల వెడల్పు, కోట్లకు కోట్ల అణువుల మీద ఒక్కసారే పడతది, ఒకటి ముందుకొస్తే ఇంకోటి ఎనక్కి పోతది, సగటుల అన్నీ కొట్టుకుపోతయి, అద్దం మొత్తంగ జరిగితేనే లెక్కకొస్తది అన్నడు. "మరి అద్దమే ఊగితే సార్?" 40 కిలోల అద్దాన్ని గాజు దారాలకు ఎట్ల వేలాడదీస్తరో చెప్తుంటే కారు డ్రైవర్ హారన్ కొట్టుడు మొదలుపెట్టిండు. నా బస్సు పోయింది, పోతే పోనీ.

అసలు లెక్చర్ అంటే ఆ చాయ్ కాడ నడిచిందే గదనే! నాక్ (యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైలుకు ఫోటోలు గావాల్నా, ముందే దిగుండ్రి, ఎవరొద్దన్నరు. శాలువా ఒక్కటి చాలు, వచ్చినాయనకు. ప్రశ్నలకు అరగంట ఇడువున్రి.

వచ్చే శుక్రవారం కార్డు ఇప్పుడే వాట్సాప్‌ల వచ్చింది. పదకొండు పేర్లు, ఫోటోలతోని. టాపిక్ ఏందో జూమ్ చేసి చూస్తున్న, ఇంకా దొరకలే.