భవిష్యనిధి భవిష్యత్తులోనే ఉండాలి

పీఎఫ్ కేసులు తేలడం లేదని గోల చేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వీళ్లలో ఒక్కరైనా ఆ పథకం పేరు సరిగ్గా చదివారా అని నా అనుమానం. ఉద్యోగుల భవిష్యనిధి. బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. భవిష్యత్తు అంటే రాబోయేది. వచ్చేసిందంటే అది వర్తమానం అయిపోతుంది. డబ్బు ఈ నెలే మీ చేతిలో పడితే దాన్ని వర్తమాన నిధి అనాలి. అప్పుడు దేశంలో ఉన్న బోర్డులన్నీ మళ్లీ రాయించాలి. దానికి టెండరు, ఆ టెండరు మీద ఒక కేసు. ఇంత శ్రమ ఎందుకని పెద్దలు డబ్బును దాని పేరుకు తగ్గట్టు ముందుకే జరుపుతూ వస్తున్నారు. ఇందులో తప్పు పట్టాల్సింది నాకైతే కనపడదు.

అసలు కేసు ఎలా పుడుతుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మీ మూలవేతనం, కరువుభత్యం కలిపి అందులో 12 శాతం జీతంలోంచి కోస్తారు. యజమాని మరో 12 శాతం కలపాలి. ఆయన కలిపే 12లో, ఒక జీత పరిమితి వరకు, 8.33 పెన్షన్‌కి వెళ్తుంది, మిగతాది పీఎఫ్‌లో పడుతుంది. లెక్క బాగుంది. కాకపోతే కొన్నిచోట్ల పే స్లిప్పులో కోత కనపడుతుంది, పాస్‌బుక్‌లో జమ కనపడదు. ఉద్యోగి జీతంలోంచి కోసుకుని కట్టకపోవడాన్ని మన శిక్షాస్మృతి నమ్మకద్రోహం అంటుంది. వాడుక భాషలో దాన్ని క్యాష్ ఫ్లో ఇబ్బంది అంటారు. కోర్టులో ఎక్కువగా వినపడేది వాడుక భాషే.

అప్పుడు పీఎఫ్ చట్టంలోని సెక్షన్ 7ఏ కింద విచారణ మొదలవుతుంది. ఎంత బకాయి ఉందో తేల్చే అధికారికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. సమన్లు పంపొచ్చు, రికార్డులు తెప్పించొచ్చు, ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవచ్చు. 1952 నాటి చట్టం ఈ విచారణ గురించి అన్నీ చెప్పి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పటికి ముగించాలి అన్న చిన్న విషయం మాత్రం వదిలేసింది. పెద్ద కావ్యాల్లో కూడా ఇలా పాఠకుడి ఊహకు కొంత వదులుతారు.

ఒకసారి నేను మా పెద్దనాన్నతో అలాంటి విచారణకు వెళ్లాను. ఆయన ఒక మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. అందులో నాలుగేళ్ల కోత ఎక్కడికి పోయిందో తెలియదు. వరండాలో బల్ల, గోడకి ఆ రోజు కేసుల జాబితా. మా వరస పదిహేడు. పన్నెండు దాటాక పిలిచారు. లోపల యాజమాన్యం తరఫున ఒక కన్సల్టెంట్ వచ్చాడు. చంకలో లావుపాటి ఫైలు. దాన్ని బల్ల మీద పెట్టాడు, కానీ తాడు విప్పలేదు.

"సార్, రికార్డులు కొంచెం తడిశాయి సార్. మొన్నటి వానకి."

"పోయిన వాయిదాకి చెదలు పట్టాయన్నారు కదా?"

"అవే సార్. చెదలు వదలాలని ఎండలో పెట్టాం. అప్పుడు వాన వచ్చింది."

అధికారి ఆయన్ని కాసేపు చూసి, డైరీ తిప్పి, తేదీ ఇచ్చారు. మా పెద్దనాన్న లేచి నిలబడి, "సార్, నా దగ్గర పే స్లిప్పులు అన్నీ ఉన్నాయండీ, ప్లాస్టిక్ కవర్లో పెట్టా, తడవలేదు" అన్నాడు. గుమస్తా చాలా మర్యాదగా, "పెద్దాయనా, మీరు కేసులో పార్టీ కాదు, బయట కూర్చోండి" అన్నాడు. నిజమే. కేసు పీఎఫ్ శాఖకీ యాజమాన్యానికీ మధ్య. డబ్బు ఎవరిదో ఆయన ఒక్కడే ఆ గదిలో అదనపు మనిషి. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం డైరీలో ఖాళీ తేదీ వెతకడానికే పోయింది.

అక్కడితో అయిపోతుందనుకుంటే మన వ్యవస్థను తక్కువ అంచనా వేసినట్టే. 7ఏ ఉత్తర్వు వచ్చాక దాన్ని పునఃసమీక్షించమని అడగొచ్చు. తర్వాత ట్రిబ్యునల్‌కి అప్పీలు. పీఎఫ్ అప్పీళ్లకు ఒకప్పుడు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉండేది. 2017లో ఆ పనిని పారిశ్రామిక ట్రిబ్యునళ్లకు అప్పగించారు, ఫైళ్లు కూడా మకాం మార్చాయి. కాపురం మార్చినప్పుడు సామాను సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, అందరికీ తెలిసిందే. ఆ తర్వాత హైకోర్టులో రిట్, దాని మీద రిట్ అప్పీలు, ఆపైన ఢిల్లీ. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత. పీఎఫ్ కేసులో ఏడవాల్సినవాడు ఏ కోర్టు హాల్లోనూ లేడు కాబట్టి ఆ సమస్య రాదు.

ఇదంతా విని యజమానులు ఎంత టెన్షన్ పడుతున్నారో అని మీరు జాలిపడొద్దు. వాళ్ల కోణంలోంచి ఒకసారి లెక్క వేయండి. బ్యాంకుకు వెళ్లి అప్పు అడిగితే తాకట్టు అడుగుతారు, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు అడుగుతారు, మేనేజరు ఫ్యాక్టరీకి వచ్చి గోడలు తట్టి చూస్తాడు. పీఎఫ్ కట్టకుండా వాడుకునే డబ్బుకు ఈ తతంగం ఏదీ లేదు. సెక్షన్ 7క్యూ కింద ఏడాదికి 12 శాతం వడ్డీ, అదీ బారువడ్డీ. పైన 14బి కింద నష్టపరిహారం పేరుతో ఒక జరిమానా ఉంది. ఇదివరకు ఆలస్యం ఆరు నెలలు దాటితే దీని రేటు ఏడాదికి 25 శాతం ఉండేది. 2024 జూన్‌లో దాన్ని సరళీకరించి, ఎంత ఆలస్యం చేసినా నెలకు ఒక శాతం అన్నారు. అంటే ఆలస్యం పాతబడేకొద్దీ రేటు పెరిగే పాత అన్యాయం తొలగిపోయింది. ఇంత చవకగా అప్పిచ్చే దాత ఎవరో తెలుసా? నెలాఖరుకి చేబదులు కోసం పక్కింటి తలుపు తట్టే మా పెద్దనాన్నలాంటివాళ్లు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, కాకికి తెలుసు ఎంత ముద్దో.

ఈ మాట నా సొంతం కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత జరిమానా నోటీసు పంపారు, ఇంత ఆలస్యం మాకు అన్యాయం అని యజమానులు ఒకప్పుడు వాదించారు. 1998లో సుప్రీంకోర్టు హిందుస్తాన్ టైమ్స్ కేసులో దానికి జవాబు చెప్పింది. శాఖ ఆలస్యం చేసినంత కాలం ఆ డబ్బును సొంత అవసరాలకు వాడుకున్నది మీరే కదా, ఇక మీకు జరిగిన నష్టమేంటి అన్నది దాని సారాంశం. చక్కటి తీర్పు. దానివల్ల యజమానికి ఆలస్యం ఒక సాకు కాకుండా పోయింది. దాన్ని రెండోవైపు తిప్పి చదివితే మాత్రం కొంచెం ఇబ్బంది. ఆలస్యం ఎవరికి నష్టం కాదో కోర్టు తేల్చింది. ఎవరికి నష్టమో అడగడానికి మా పెద్దనాన్న ఆ కేసులో పార్టీ కాదు.

ఇక జీతం అంటే ఏమిటి అన్న గంభీరమైన ప్రశ్న ఉంది. మీకూ నాకూ ఇందులో తాత్వికత కనపడదు, ఒకటో తారీఖున వచ్చేది జీతం అనుకుంటాం. చట్టానికి అంత తొందర పనికిరాదు. 1952 చట్టంలో మూలవేతనానికి నిర్వచనం రాశారు. ఏ భత్యం అందులోకి వస్తుంది, ఏది రాదు అని 1962లోనే బ్రిడ్జ్ అండ్ రూఫ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ, క్రమం తప్పకుండా ఇచ్చేది లెక్కలోకి వస్తుందని దాని భావం. మరి ప్రత్యేక భత్యం సంగతేంటి అని మళ్లీ మొదలై, 2019 ఫిబ్రవరిలో అదే కోర్టు పాత తీర్పులే చూపించి, అందరికీ ఒకే తీరుగా ఇస్తుంటే దానికి ప్రత్యేకం అని పేరు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు అంది. జీతం అనే రెండక్షరాల, పక్కన ఒక సున్నా ఉన్న మాటకి అర్థం తేలడానికి 1952 నుంచి లెక్కేస్తే 67 ఏళ్లు. అంటే చట్టం వచ్చిన ఏడు ఉద్యోగంలో చేరినవాడు, అర్థం తేలేనాటికి రిటైరై పాతికేళ్లు దాటి ఉంటుంది. వాడికి అర్థం తెలిసిందో లేదో.

అధిక పెన్షన్ కథ మరీ అందమైనది. దీన్ని నేను సంవత్సరాల పేర్లతో జపంలా చదువుకుంటాను. 1995లో పెన్షన్ పథకం. 1996లో, ఉద్యోగీ యజమానీ కలిసి ఒప్పుకుంటే పెన్షన్‌కి లెక్కించే జీతానికున్న పరిమితి మీద కాకుండా పూర్తి జీతం మీద 8.33 శాతం కట్టొచ్చని వెసులుబాటు. అడిగినవాళ్లకి గడువు దాటిందన్నారు. 2014 సెప్టెంబరులో నిబంధనలు మార్చారు. 2016లో సుప్రీంకోర్టు, పథకంలో అసలు అలాంటి గడువే లేదంది. 2018లో కేరళ హైకోర్టు 2014 మార్పుల్నే కొట్టేసింది. దాని మీద శాఖ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. తేదీ చూసైనా జాగ్రత్తపడాల్సింది, పాపం పెన్షనర్లు సంబరపడ్డారు. 2021 జనవరిలో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. 2022 నవంబరు 4న ముగ్గురు న్యాయమూర్తుల తీర్పు వచ్చింది. 2014 మార్పులు చాలావరకు చెల్లుతాయి, కానీ ఆప్షన్ ఇవ్వని అర్హులకు నాలుగు నెలల గడువు ఇస్తున్నామన్నారు.

నాలుగు నెలలు! ఇరవై ఆరేళ్లు నడిచిన వ్యవహారానికి నాలుగు నెలలట. శాఖ ఈ తొందరపాటును సరిదిద్దింది. ఆన్‌లైన్ దరఖాస్తుల గడువు పెరుగుతూ పెరుగుతూ 2023 జూలై 11 దాకా వచ్చింది. 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటికి జీతం వివరాలు జతచేయాల్సిన యజమానుల గడువు ఇంకా గారాబంగా పెరిగి 2025 జనవరి 31కి చేరింది. ఈ మధ్యలో పెన్షనర్లని ఒక చిన్న కాగితం అడిగారు: పూర్తి జీతం మీద పీఎఫ్ కట్టడానికి అప్పట్లో మీరూ యజమానీ కలిసి తీసుకున్న అనుమతి కాపీ. పూర్తి జీతం మీద వచ్చే డబ్బును అన్నేళ్లూ కాదనకుండా జమచేసుకున్న కార్యాలయమే, ఆ అనుమతి ఏదీ అని అడగడం చూస్తే, అత్తారింట్లో ముప్పై ఏళ్లు కాపురం చేసిన కోడల్ని శుభలేఖ చూపించమన్నట్టు లేదూ?

పరాయి దేశాలవాళ్లకి ఓపిక తక్కువ. యూరప్‌లో ఒక మానవహక్కుల ఒప్పందం ఉంది, సహేతుకమైన కాలంలో కేసు తేలడం హక్కు అని అందులో రాసుకున్నారు. నెదర్లాండ్స్‌లో కొందరు ఫిజియోథెరపిస్టులు, సామాజిక భద్రత చందాల వివాదంలో తమకు జాప్యం జరిగిందని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఆ ఒప్పందపు కోర్టుకెక్కి 1994లో గెలిచారు కూడా. ఇటలీవాళ్లది మాత్రం మన పద్ధతే, కాస్త ఆప్యాయంగా అనిపిస్తుంది. కేసు ఆలస్యమైతే పరిహారం ఇస్తామని 2001లో పింటో చట్టం తెచ్చారు. ఆ పరిహారం ఆలస్యమైంది. దాంతో జనం ఆలస్యానికిచ్చే పరిహారం ఆలస్యమైందని మళ్లీ స్ట్రాస్‌బర్గ్ వెళ్లారు. తర్వాత 2012లో, ఆరేళ్లలో తుది తీర్పు వస్తే ఆలస్యం కిందకి రాదు పొమ్మన్నారు. ఆరేళ్లు అంటే మన దగ్గర ఫైలు తాడు విప్పే సమయం.

ఇలాంటి స్వర్ణయుగానికి ఇప్పుడు ముప్పు వచ్చిపడింది. పీఎఫ్ చట్టాన్ని కూడా తనలో కలుపుకుని 2020లో పాసైన సామాజిక భద్రత కోడ్‌ని 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. వివాదం పుట్టిన ఐదేళ్లు దాటాక విచారణ మొదలుపెట్టకూడదట. మొదలుపెడితే రెండేళ్లలో ముగించాలట, మహా అయితే ఇంకో ఏడాది. చదివి నాకు గుండె దడ వచ్చింది. తర్వాత మళ్లీ చదివితే కొంచెం స్థిమితపడ్డాను. ఐదేళ్లు దాటాక మొదలుపెట్టకూడదంటే, ఐదేళ్లు ఎవరి కంటా పడకుండా కట్టకపోతే చాలన్నమాట. అప్పీలుకి ముందు కట్టాల్సిన డిపాజిట్ కూడా పాత చట్టంలో 75 శాతం, కొత్తదాంట్లో 25. పైగా జీతానికి మళ్లీ కొత్త నిర్వచనం ఇచ్చారు, భత్యాలు సగం దాటితే ఆ దాటినదాన్ని జీతంలో కలపాలని. కొత్త నిర్వచనం అంటే కొత్త కేసులు. మన మనవలకి కూడా పని ఉంటుంది.

అన్నట్టు, ఈ మొత్తం ఏర్పాటులో గడువు కచ్చితంగా పాటించేది ఒక్క చోటే. పెన్షనరు ఏడాదికోసారి తాను బతికే ఉన్నానని రుజువు ఇవ్వాలి. జీవన్ ప్రమాణ్ అంటారు. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించాలి, ముఖం పట్టకపోతే వెలుతురులోకి రావాలి. ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. కేసుకి మాత్రం బతికే ఉన్నానని ఏ ఏడూ రుజువు అక్కర్లేదు. ఎండలో పెట్టిన రికార్డులకి అంతకన్నా అక్కర్లేదు.

ఆ రోజు విచారణ అయ్యాక బస్సులో వస్తుంటే మా పెద్దనాన్న చాలాసేపు ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒరే, ఆ ఫారంలో నామినీ కింద మీ అన్నయ్య పేరు రాశాను గదా, అది మార్చొచ్చంటావా?" అన్నాడు.

"ఎందుకు పెద్దనాన్నా?"

"వాడికీ యాభై దాటాయి రా. వాడి కొడుకు పేరు రాయిద్దాం, మూడో క్లాసు చదువుతున్నాడు."