ఒకే కచేరీకి ఆరు టికెట్లు

పోయిన వారం మా ఇంటికి అమెరికా నుంచి ఒక పార్శిలు వచ్చింది. దాని మీద నేను కట్టిన దిగుమతి సుంకం ఎంతో ఇంట్లో ఇంకా వెల్లడించలేదు. తగిన ముహూర్తం కోసం చూస్తున్నాను. లోపల ఉన్నది 1960ల నాటి ఒక జాజ్ క్లబ్బు కచేరీ ఎల్పీ రికార్డు. కంపెనీ పేరు చెప్పను, ఆల్బం పేరూ చెప్పను. చెబితే మీరూ కొంటారు, ఆ పాపం నాకెందుకు?

ఈ కచేరీ నా దగ్గర ఇప్పటికే అయిదు అవతారాల్లో ఉంది. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడకముందు అక్కడ బేరమాడి కొన్న గీతల ఎల్పీ ఒకటి. తరువాత కేసెట్టు. తరువాత సీడీ. తరువాత "మెరుగుపరచిన" సీడీ. ఆ మెరుగులో పొరపాటు జరిగిందని విచారిస్తూ అదే కంపెనీ వేసిన మరో సీడీ. ఇప్పుడు వచ్చింది ఆరోది. దీన్ని ఎందుకు కొన్నానంటే, కవరు మీద బంగారు రంగు చీటీ ఒకటి అంటించి ఉంది. దాని మీద "ఇంతవరకూ విడుదల కాని 47 సెకన్లు" అని రాసి ఉంది.

ఆ 47 సెకన్లలో ఏముందో పాఠకులకు విన్నవించుకుంటాను. బేస్ వాయించే ఆయన శ్రుతి చేసుకుంటున్నారు. మధ్యలో ఎవరో దగ్గారు. అంతే.

తిరుపతిలో ఉండేవాడికి ఈ వ్యాపారం అర్థం కాదని అనుకుంటే పొరపాటు. మాకు అర్థమైనంతగా న్యూయార్క్ వాళ్ళకు కూడా అర్థం కాదు. ఫోనులో ఉచితంగా వినడం సర్వదర్శనం. ప్రకటనలనే కంపార్టుమెంట్లలో కూర్చుని, పిలుపు వచ్చినప్పుడు పోవాలి. మామూలు సీడీ మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశం. 180 గ్రాముల ఎల్పీ (మా ఊరి లడ్డూ బరువు కూడా ఇంచుమించు అంతే) బ్రేక్ దర్శనం. ఇక సంఖ్య వేసిన పెట్టె, ఫొటోల పుస్తకం, పాత టికెట్టు నకలు కలిపి అమ్మేది ఉంది చూశారూ, అది పది వేల విరాళం కట్టి పొందే శ్రీవాణి దర్శనం. ఎవరు ఏ దారిన వెళ్ళినా లోపల ఉన్న స్వామి ఒక్కడే. తేడా ఏమిటంటే ఇక్కడ క్షణం సేపైనా చూశామన్న తృప్తితో బయటికి వస్తాం. అక్కడ ఇంటికి వచ్చాక, ఇంకా మూలవిరాట్టును చూడలేదని, వచ్చే ఏడాది చూపిస్తామని ఉత్తరం వస్తుంది.

మా ఊళ్ళో జాజ్ వినేవాళ్ళం నలుగురం. అయిదో మనిషి బైరాగిపట్టెడలో ఉన్నాడని చాలా ఏళ్ళుగా వదంతి, ఎవరూ చూడలేదు. పార్శిలు వచ్చిందని తెలిసి ఆదివారం సాయంత్రం మిగతా ముగ్గురూ వచ్చారు: విశ్రాంత తహసీల్దారు గారు, పశువైద్యుడు గారు, లెక్కల మాస్టారు. ఫ్యాను ఆపాం. వంటింట్లో కుక్కర్ దింపించాం. రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు దించి, నలుగురమూ కళ్ళు మూసుకున్నాం. 47 సెకన్లు గడిచాయి. ఎవరూ కదల్లేదు.

"మళ్ళీ," అన్నారు తహసీల్దారు గారు.

పదకొండోసారికి ఆయన సంచిలోంచి నోటుపుస్తకం తీశారు. దగ్గు సరిగ్గా 19వ సెకనులో వస్తోందని నమోదు చేశారు. ఆ దగ్గినవాడే పాత ఎల్పీ రెండో వైపు మూడో పాటలో కూడా దగ్గాడని, కాబట్టి ఈ శ్రుతి చేసుకోవడం కవరు మీద అచ్చువేసినట్టు మొదటి సెట్టుకు (కచేరీ మొదటి విడతకు) ముందు కాదు, రెండో సెట్టుకు ముందని తీర్పు ఇచ్చారు. ఇద్దరూ ఒకరే అనడానికి ఆధారమేమిటని మాస్టారు అడిగారు. పశువైద్యుడు గారు ముందుకు వంగి మరో మూడుసార్లు విని, "రోగి గేదె అయితే నేను ఇప్పుడే చెప్పగలను. మనిషి కాబట్టి సందేహిస్తున్నాను," అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. తహసీల్దారు గారు ముప్పై ఏళ్ళు భూమి తగాదాలు తీర్చిన మనిషి. కాగితం మీద క్లబ్బు పటం గీసి దగ్గినవాడికి చెక్కుబందీ రాశారు: తూర్పున వేదిక, పడమర గోడ, ఉత్తరాన సారాయి బల్ల, దక్షిణాన నడవ. వేదికకు ఎడమ పక్క, రెండో బల్ల. ఇరవై రెండోసారి విన్నాక మాస్టారు కూడా ఒప్పుకున్నారు. దస్తావేజు మీద ముగ్గురం సాక్షి సంతకాలు చేయడం ఒక్కటే తక్కువ.

అప్పుడు మా ఆవిడ కాఫీలు తెచ్చింది. కాసేపు నిలబడి వింది. "ఏమండీ, శ్రుతి చేసుకోవడం అయితే కచేరీ ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది.

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రికార్డు మీద కచేరీ కూడా ఉందన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఈ జబ్బు ముదరడానికి కొన్ని మంచి పనులు కూడా కారణమని ఒప్పుకోవాలి. 1956 జులై 7న అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయిస్తుండగా పాల్ గోన్సాల్వెజ్ అనే సాక్సఫోను విద్వాంసుడు లేచి, పన్నెండు బార్ల బ్లూస్‌ను ఆపకుండా 27 సార్లు చుట్టి వచ్చాడు. జనం కుర్చీల మీదికి ఎక్కారు. అయితే ఆయన ఊదింది రికార్డు కంపెనీ మైకులో కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులో. కంపెనీ టేపులో ఆయన పక్క వీధి నుంచి ఊదుతున్నట్టు వినిపిస్తాడు. ఆ ఏడాది వచ్చిన "ప్రత్యక్ష కచేరీ" ఎల్పీలో చాలా భాగం స్టూడియోలో మళ్ళీ వాయించి చప్పట్లు అతికించినదే. రేడియో వాళ్ళ టేపు దొరికాక, 1999లో రెండు టేపులనూ జోడించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టి, పూర్తి కచేరీని విడుదల చేశారు. దానికి డబ్బు పెట్టినందుకు నాకు విచారం లేదు. తప్పు మైకులో ఊదడం మన ఊళ్ళో వారానికోసారి జరిగేదే. మన దగ్గర రెండో మైకు ఉండదు, అంతే.

1953లో టొరంటో మాసీ హాలులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ అనే అయిదుగురు జాజ్ విద్వాంసులు ఒకే వేదిక మీద వాయించారు. అదే రాత్రి పెద్ద బాక్సింగ్ పోటీ ఉండటంతో హాలు నిండలేదు. పార్కర్ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ సాక్సఫోను. ఇంకో కంపెనీతో ఒప్పందం అడ్డొచ్చి ఎల్పీ మీద ఆయన పేరు చార్లీ చాన్ అని వేశారు. తన బేస్ సరిగా వినిపించలేదని మింగస్ తరువాత తీరిగ్గా మళ్ళీ వాయించి టేపులో కలిపాడు. ఆ రాత్రి తాము అక్కడ ఉన్నామని తరువాత చెప్పుకున్నవాళ్ళందరినీ పిలిస్తే ఆ సీట్లు చాలవని నా గట్టి అనుమానం.

ఈ అనుమానం నాకు స్వానుభవం మీద కలిగింది. 1978లో బొంబాయిలో జరిగిన తొలి జాజ్ యాత్ర ఉత్సవంలో సాక్సఫోను విద్వాంసుడు సోనీ రోలిన్స్‌ను విన్నానని నేను నలభై ఏళ్ళకు పైగా చెబుతున్నాను. ఆ రోజుల్లో నేను చిత్తూరులో మేనమామ ఇంటి మిద్దె మీద డిగ్రీ పరీక్షలకు చదువుతున్నాను. నా అబద్ధం మొదటి ముద్రణలో నేను రంగ్ భవన్ చివరి వరుసలో నిలబడ్డాను. 1990ల ముద్రణలో రెండో వరుసలో కూర్చున్నాను. ఈమధ్య వేసిన సమగ్ర సంపుటిలో ఆయన నావైపు చూసి తల ఊపారు. ఇంతవరకూ విడుదల కాని సంభాషణ ఒకటి ఇంకా దాచి ఉంచాను.

నిజంగా విన్న కచేరీ గురించి మాత్రం నేను ఎవరికీ ఎక్కువగా చెప్పలేదు. 1980లలో ఒక ఏడాది, గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో గరుడ వాహనం రాత్రి. మాడ వీధి మలుపులో వాహనం ఆగింది. ఊరేగింపులో వాయించే మల్లారి ముగించి, నాదస్వర విద్వాంసుడు తోడి రాగం అందుకున్నారు. హారతి అయిపోయింది, ఆయన ఆపలేదు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. డోలు ఆయన చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గాంధారం దగ్గర విద్వాంసుడు ఎంతసేపు నిలబడ్డారో నేను చెప్పలేను, పెట్రోమాక్స్ దీపం తలకెత్తుకున్న కుర్రవాడు మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. ఉత్సవ సంఘం మనిషి ఒకాయన తన టూ ఇన్ వన్‌ను అరుగు మీద పెట్టి రికార్డు చేశాడు. నా కళ్ళతో చూశాను.

చాలా ఏళ్ళ తరువాత ఆ కేసెట్టు కోసం వెతికి వెతికి పట్టుకున్నాను. ఇంటికి తెచ్చి వేశాను. రెండు నిమిషాలు మల్లారి. తరువాత ఒక టక్కు. తరువాత "గౌరవనీయులైన..." అంటూ ఒక గొంతు. ఎవరో దాతకు సన్మానం. ఖాళీ కేసెట్టు దొరక్క, ఉన్నదాని మీదే రికార్డు చేశారట. వారి గురించి ఎంత చెప్పినా తక్కువే అన్న వక్త ఇరవై ఆరు నిమిషాలు చెప్పాడు. శాలువా కప్పినప్పుడు చప్పట్లు బాగా పడ్డాయి.

సిగ్గుండాలి. కొత్త కేసెట్టు ఆనాడు ఎంతని? సన్మానానికి తెచ్చిన పూలదండ ఖరీదులో సగం ఉండదు. జాజ్ విద్వాంసులు మంక్, కోల్ట్రేన్ కలిసి 1957లో కార్నెగీ హాలులో వాయించిన టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అరల్లో నలభై ఎనిమిదేళ్ళు అలాగే పడి ఉండి 2005లో బయటపడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నిజమే. కాని ఎవరూ దాని మీద మంత్రిగారి ఉపన్యాసం ఎక్కించలేదు. అమెరికా దాకా ఎందుకు? ఈ కొండ మీదే అన్నమయ్య పాటలను రాగి రేకుల మీద చెక్కించి రాతి అరలో దాచారు. వందల ఏళ్ళకు బయటికి తీస్తే ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. ఆయన పాడిన తీరు లేదు, ఎందుకంటే దాన్ని పట్టే యంత్రం అప్పటికి పుట్టలేదు. వాళ్ళు రాగి పోసి ఉలి పట్టుకుని చేయగలిగినదంతా చేశారు. మనకు యంత్రం ఉంది, టేపు ఉంది, అరుగు మీద మనిషి ఉన్నాడు, తోడి లోపల పడింది కూడా. తరువాత మన చేత్తో మనమే మీట నొక్కి తుడిచేశాం. ఆ విద్వాంసుడు పోయారు. ఆయన రికార్డు ఒక్కటీ లేదు. ఫొటో ఒకటి ఉంది, అందులో కూడా వెలుగు పక్కనున్న దాత ముఖం మీదే పడింది.

ఆ కేసెట్టును నేను పారేయలేదు. వందన సమర్పణ అయ్యాక మళ్ళీ ఒక టక్కు వినిపిస్తుంది. సన్మానం అంతటితో ముగిసి, దాని కింద మిగిలిపోయిన తోడి చివర బయటపడుతుంది. ముప్పై సెకన్లు ఉంటుందేమో. ఆయన షడ్జమానికి దిగుతుంటారు, డోలు మీద ఒక దెబ్బ పడుతుంది, ఎవరో పిల్లవాడు "నాన్నా, నిద్ర వస్తోంది" అంటాడు. అక్కడితో టేపు అయిపోతుంది.

ఆ ఆదివారం రాత్రి, ఎల్పీని కవర్లో పెట్టేశాక, ఆ కేసెట్టు చివరను ముగ్గురికీ వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ వెయ్యమని కూడా ఎవరూ అడగలేదు. చెప్పులు వేసుకుంటూ తహసీల్దారు గారు ఆగి, "ఆ పిల్లవాడు వాహనానికి ఎడమ పక్క ఉన్నాడు," అన్నారు.

"అది మోనో కేసెట్టండీ, ఎడమా కుడీ ఉండవు," అన్నాను.

"అయినా ఎడమ పక్కే," అన్నారాయన.