ఆరు సోలల ఉప్పు

అత్తారింటికి బయల్దేరిన ప్రతిసారీ, కారు మా వీధి మలుపు తిరక్కముందే మా ఆవిడ ఒక మాట గుర్తుచేస్తుంది. "అక్కడికెళ్ళి రాజకీయాలు ఎత్తకండి. నోరు మరీ ఊరుకోకపోతే క్రికెట్ మాట్లాడండి."

ఊరికే అనదు. మా మామయ్యగారిది ఒక పార్టీ. పక్క వాటాలో ఉండే ఆయన తమ్ముడు, మా చిన్నమామయ్యగారు, దానికి సరిగ్గా ఎదుటి పార్టీ. ఈ రెండూ పాతబడిపోయాయని మా బావమరిది మూడో పార్టీ పట్టుకున్నాడు. ఎవరిది ఏదో చెప్పను. చెబితే ఇక్కడిదాకా చదివినవాళ్ళలో మూడింట రెండొంతులు నా మీద పడతారు. 2019 ఎన్నికల తరవాత అన్నదమ్ములిద్దరూ ఆర్నెల్లు మాట్లాడుకోలేదు. ఒకటే బోరు, ఒకటే మోటరు. "మీ బాబాయిని మోటరు కట్టెయ్యమను" అని ఆయన, "మీ నాన్నని ముందు ట్యాంకు చూసుకోమను" అని ఈయన. మధ్యలో మా బావమరిది తపాలా బంట్రోతు.

2024 మేలో పోలింగు సోమవారం, 13న పడింది. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరితే పంతంగి టోల్‌గేటు దాటేసరికే పిల్లలు రెండు నిద్రలు పోయి లేచారు. రాష్ట్రం మొత్తం ఓటుకి ఊరెళుతున్న రాత్రి అది. తెల్లారి తెనాలి దగ్గర ఊళ్ళో దిగేసరికి మా అత్తయ్యగారు ఆవకాయ ముహూర్తం పెట్టేశారు. ఓటుకి ఎలాగూ అందరూ వస్తారు, పనిలో పని.

వసారాలో నులక మంచం మీద పాత చీర పరిచి ముక్కలు ఆరబోశారు. టెంకతో సహా కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచినవి. కొలిస్తే ఇరవై నాలుగు సోలలు. లెక్క తేలిక. కారం ఆరు, ఆవపిండి ఆరు, ఉప్పు ఆరు. "ఉప్పు మట్టుకు తలకొట్టి పోయాలి బాబూ" అన్నారు అత్తయ్యగారు. కొలిచే పని నాకు అప్పజెప్పారు. ఎందుకంటే నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇరవై రెండేళ్ళుగా. ఈ సంగతి తరవాత చాలామంది చాలాసార్లు గుర్తుచేశారు గనక ముందే ఒప్పేసుకుంటున్నాను.

ముగ్గురు ప్రత్యర్థులూ వసారాలోనే ఉన్నారు. మామయ్యగారు పడక్కుర్చీలో, చిన్నమామయ్యగారు అరుగు మీద, బావమరిది ఫోనులో. గాలి బరువుగా ఉంది. ఎవరు ముందు తుమ్మినా ఎన్నికలే. అత్తయ్యగారు మెంతులు వేయించడానికి లోపలికెళ్ళారు. నేను "లాభం" అని మొదటి సోల కారం బేసిన్లో పోసి, మా ఆవిడ చెప్పిన మందు వాడాను.

"మొన్న బుధవారం ఐపీఎల్ మ్యాచ్ చూశారా మామయ్యగారూ? లక్నో 165 కొడితే మన హైదరాబాద్ వాళ్ళు 9.4 ఓవర్లలో ఊదేశారు. ఒక్క వికెట్టు పడలేదు."

మందు పనిచేసింది. హెడ్డు 89, అభిషేక్ శర్మ 75, ఇద్దరూ నాటౌట్ అని బావమరిది అందుకున్నాడు. మామయ్యగారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇరవై ఓవర్ల ఆట పదిలోపే అయిపోతే టికెట్టు డబ్బులు సగం వెనక్కివ్వాలి కదోయ్" అని చిన్నమామయ్యగారు నవ్వారు. అన్నదమ్ములు ఒక విషయానికి ఇద్దరూ కలిసి నవ్వడం నా పెళ్ళి తరవాత అదే మొదలు. రెండు, మూడు, నాలుగు. కారం అయిపోవస్తోంది.

"ఏమైనా ఓడిపోయినందుకు ఆ లక్నో యజమాని అట్టా మైదానంలో అందరి ముందూ కెప్టెన్‌ని నిలబెట్టి మాట్లాడకూడదు" అన్నారు మామయ్యగారు.

"ఎందుకు మాట్లాడకూడదు? డబ్బు పెట్టింది ఆయన, టికెట్టిచ్చింది ఆయన. మీ నాయకుడు ఎమ్మెల్యేల్తో మాట్లాడేది ఇంకెట్టానో?"

చూశారా? మూడు వాక్యాలు. క్రికెట్లోంచి రాజకీయాల్లోకి పిల్ల కాలవ కూడా అడ్డం లేదు. ఇద్దరూ ఒకటే భాష. ఏప్రిల్ ఆఖర్న టీ20 ప్రపంచ కప్ జట్టు ప్రకటిస్తే మా ఆఫీసులో జనం అన్నదేమిటి? "రింకూ సింగ్‌కి టికెట్టు రాలేదట." అదే వారంలో మా నియోజకవర్గంలో టికెట్టు రాని ఆయన్ని ఏమన్నారు? "స్టాండ్‌బైలో పెట్టారు."

నేను కంగారుగా ఆవపిండి డబ్బా మూత తీసి దేవుణ్ణి రంగంలోకి దింపాను. సచిన్. సచిన్‌ని ఎవరంటారు?

"రాజ్యసభలో కూర్చోబెట్టారుగా 2012లో. ఏం మాట్లాడాడు?" చిన్నమామయ్యగారు.

"మాట్లాడేదేంటి, పని చేశాడు. మన నెల్లూరు వైపు పుట్టంరాజువారి కండ్రిగ దత్తత తీసుకోలా? మీవాళ్ళు పుట్టిన ఊరికే రోడ్డెయ్యరు."

రెండు, మూడు. "అజ్జూ భాయ్, మన అజారుద్దీన్" అన్నాను ఆదుర్దాగా. "ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఆ మణికట్టు..."

"మొరాదాబాద్ ఎంపీ, 2009" అన్నాడు బావమరిది ఫోన్లోంచి తలెత్తకుండా. "మొన్న 2023లో జూబ్లీహిల్స్‌లో పోటీ చేసి ఓడిపోయాడు బావా. ఇంకో సంగతి చూడు. బెంగాల్లో యూసఫ్ పఠాన్‌కీ కీర్తి ఆజాద్‌కీ కూడా మనతోపాటే 13నే పోలింగు. 83 కప్పు ఒకళ్ళు, 2011 కప్పు ఒకళ్ళు. గంభీర్ మాత్రం ఈసారి వద్దు బాబోయ్ నా క్రికెట్ నేను చూసుకుంటానని తప్పుకున్నాడు."

బ్యాటు పట్టినవాణ్ణల్లా ఏదో ఒక పార్టీ పట్టేసిందా అనిపించింది. ఆవపిండి ఆరు సోలలూ పూర్తయ్యాయి. ఆ రెండు కొలతలకీ నేను పూచీ.

ఉప్పు మొదలెట్టే ముందు బాగా ఆలోచించి లక్ష్మణ్ పేరు ఎత్తాను. ఏ పార్టీ లేని మనిషి. మచ్చ లేని మనిషి. 2001, కలకత్తా, ఫాలో ఆన్, 281. ద్రవిడ్ 180. నాలుగో రోజు పొద్దున్నించి సాయంత్రందాకా ఆస్ట్రేలియా వాళ్ళకి ఒక్క వికెట్టు ఇవ్వలేదు. నేను చెబుతుంటే వసారా అంతా నిశ్శబ్దం. మామయ్యగారు కళ్ళు మూసుకుని వార్న్ బంతిని మిడ్ వికెట్ వైపు తిప్పుతున్నట్టు చెయ్యి కదిపారు. లాభం, రెండు, మూడు. లోపలినుంచి మెంతుల కమ్మటి వాసన. నాలుగు. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి మెచ్చుకోలుగా తలాడించింది. ఐదు.

"అంతటివాడు, 134 టెస్టులు ఆడినవాడు" చిన్నమామయ్యగారు నిట్టూర్చారు, "ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ ఆడలేదు. 2003లో ఆయన్ని కాదని ఎవర్ని తీసుకెళ్ళారు? దినేశ్ మోంగియాని. అది రాజకీయం కాదా?"

"మన తెలుగోళ్ళకి ఎప్పుడూ ఇంతే" అన్నారు మామయ్యగారు.

"ఆగు అన్నయ్యా. 2019 ప్రపంచ కప్‌కి రాయుణ్ణి తీసేసినప్పుడు చీఫ్ సెలెక్టర్ ఎవరు? ఎమ్మెస్కే ప్రసాద్. గుంటూరోడు. రాయుడెవరు? గుంటూరోడు. ఇంక ఢిల్లీవాళ్ళని అనడం దేనికి?"

ఆ పేరు వినగానే నా చేతిలో సోల గాల్లోనే ఆగిపోయింది. అంబటి రాయుడు! 2019లో రిటైర్మెంటిచ్చి రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నవాడు. 2023 డిసెంబరు 28న ఒక పార్టీలో చేరి, జనవరి 6న బయటికొచ్చేశానని ప్రకటించినవాడు. పది రోజులు. మా ఇంటికి చుట్టాలొస్తే అంతకంటే ఎక్కువ రోజులే ఉంటారు. ఆ తరవాత వసారాలో ఎవరు ఏమన్నారో రాస్తే ఎవరిది ఏ పార్టీయో తేలిపోతుంది కనక దాటేస్తున్నాను. కుర్చీ జరిగిన చప్పుడు, అరుగు మీంచి చెంబు దొర్లిన చప్పుడు మాత్రం నిజం.

ఈ గోలలో నేను లెక్క తప్పాను. "ఎన్ని? ఇంతకీ ఎన్ని?" అని పైకే అనేశాను.

"మూడు బావా, మూడు!" అని అరిచాడు బావమరిది.

మూడు. సరే. నాలుగు, ఐదు, ఆరు. చివరిది తలకొట్టి మరీ పోశాను. చేతులు దులుపుకుని అత్తయ్యగారిని పిలిచాను.

వాడు చెప్పింది ఉప్పు లెక్క కాదు. రాయుడి బదులు విజయ్ శంకర్‌ని ఎందుకు తీసుకున్నారంటే అతనిలో మూడు డైమెన్షన్లు ఉన్నాయని సెలెక్టర్ గారు సెలవిచ్చారు. దానికి ప్రపంచ కప్ చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీటు పెట్టాడు. బాబాయికి అది గుర్తుచేస్తున్నాడు వాడు. ఈ సంగతి నాకు రెండు రోజుల తరవాత తెలిసింది.

అత్తయ్యగారు పప్పునూనె పోసి, వెల్లుల్లి రెబ్బలు వేసి, మోచేతిదాకా గాజులు ఎగదోసుకుని కలిపి జాడీకెత్తారు. అడుగున మిగిలిన ఎర్రటి గుజ్జులో వేడి వేడి అన్నం వేసి బేసిన్లోనే కలిపి తలో ముద్దా పెట్టారు. నాలిక చివర చురుక్కుమంది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. "కొత్తావకాయ ఉప్పగానే ఉంటుందిలే, ముక్క పీల్చుకుంటుంది" అన్నారు మామయ్యగారు. మామయ్యగారు అన్నారు కాబట్టి చిన్నమామయ్యగారు కాదనాలి. కానీ ఆయన నోట్లో ముద్ద ఉంది, పైగా ఆయన 1936లో ఉన్నారు. విజయనగరంలో పదేళ్ళు మాస్టారుగా చేసిన మనిషి, విజ్జీ సంగతి మొదలెట్టారు. విజయనగరం మహారాజకుమారుడు ఇంగ్లండు టూరుకి కెప్టెనయ్యాడు, ఆడిన మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు, సగటు 8.25. జట్టులో సి.కె. నాయుడంతటివాడు ఉండగా! పైగా లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపాడు. తరవాత విశాఖపట్నం నుంచి లోక్‌సభకీ వెళ్ళాడు. "మీరంతా రాయుడు రాయుడంటారు. దీనికి పునాది మనవాళ్ళు ఎప్పుడో వేశారోయ్" అని చెయ్యి కడుక్కున్నారు. ఒకింత గర్వంగానే.

ఆ సాయంత్రం ఆరింటికి ప్రచారం గడువు ముగిసింది. ఊళ్ళో ఆటోల మైకులు ఒక్కసారిగా ఆగిపోతే కొబ్బరాకుల చప్పుడు కూడా వినిపించింది. ఎన్నికల సంఘం వారి మౌనం మా వసారాకి వర్తించలేదు. అక్కడ పదకొండింటిదాకా కోహ్లీ ఓపెనింగ్ దిగాలా మూడో స్థానంలోనా అన్నది తేలలేదు.

సోమవారం పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్ల అవతల మా ఊళ్ళో ఓటేసి వచ్చాను. మీట నొక్కాక వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. క్రికెట్లో రివ్యూ అడగడానికి పదిహేను సెకన్లిస్తారు. ఇక్కడ ఏడే, చూసుకోవడానికి తప్ప అడగడానికి లేదు. వేలి మీద సిరా ఆరకుండానే అత్తారింటికొచ్చేసరికి అత్తయ్యగారు జాడీ ముందు కూర్చుని ఉన్నారు. మూడోనాడు కదా, తిరగకలపాలి. వాసెన విప్పి, గరిటె తిప్పి, రవ్వంత నాలిక మీద వేసుకున్నారు.

నేను చాలామంది ఆడిటర్లని చూశాను. అలాంటి మొహం ఎవరికీ లేదు.

"బాబూ, ఉప్పు ఎన్ని సోలలు పోశారు?"

"ఆరు అత్తయ్యగారూ. చివరిది తలకొట్టి."

ఆవిడ ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు బోర్లించారు. నాలుగు గింజలు రాలాయి. "ఎనిమిది సోలలు దంచి పోశాను. రెండు మిగలాలి."

విచారణ వసారాలో జరిగింది. బావమరిది మూడు అన్నానని ఒప్పుకున్నాడు, దేనికన్నాడో వివరించాడు. మా ఆవిడ నావైపు చూసిన చూపుని ఇక్కడ రాయడానికి నాకు భాష చాలదు. "క్రికెట్టేగా మాట్లాడమన్నావు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

విశేషమేమిటంటే ముగ్గురు పార్టీలవాళ్ళూ ఐదేళ్ళలో మొదటిసారి ఏకమయ్యారు. తప్పు అల్లుడిదేనని మామయ్యగారు ప్రతిపాదిస్తే చిన్నమామయ్యగారు బలపరిచారు. లెక్క మాత్రం నేనే కట్టి ఇచ్చాను. ఎనిమిది సోలల ఉప్పుకి ముప్ఫై రెండు సోలల ముక్క కావాలి. అంటే ఇంకో ఎనిమిది సోలల ముక్క, రెండు కారం, రెండు ఆవపిండి, తగిన నూనె. "ఇప్పుడు కట్టావులే లెక్క" అంది మా ఆవిడ.

పోలింగు రోజు. సెంటర్లో దుకాణాలన్నీ మూసేశారు. ఒక్క రావిచెట్టు కింద మాత్రం టార్పాలిన్ వేసుకుని ముక్కలు కొట్టే ఆయన కూర్చున్నాడు. అతని ఎడం చూపుడువేలుకీ సిరా ఉంది. పుల్లటి కాయలు పాతిక ఏరిచ్చాను. కత్తిపీట ముందుకు లాక్కుని మొదటి కాయ పెట్టి, మోపిన చెయ్యి అలాగే ఉంచి తలెత్తాడు.

"హైదరాబాదు నుంచా అండీ?"

"అవునండీ. కాస్త తొందరగా..."

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి." నా వేలి మీద సిరా వైపు చూశాడు. నా గుండె ఆగినంత పనయ్యింది. మూడు పార్టీల్లో ఏది చెప్పినా ముక్కలు వస్తాయో రావో తెలీదు.

"రింకూ సింగ్‌ని పక్కన పెట్టడం కరెక్టేనంటారా?"

హమ్మయ్య అనుకోబోయి ఆగాను. జేబులో ఫోను మోగుతోంది. మా ఆవిడే.

"మీరేమంటారు?" అన్నాను తెలివిగా.

"నేనా?" అన్నాడతను. పైకెత్తిన కత్తి మెల్లగా కిందికి దించి, గోనెపట్టా మీద పక్కన పెట్టేసి, ఖాళీ డబ్బా ఒకటి నావైపు జరిపాడు. "ముందు కూర్చోండి, చెబుతా."