రిపోర్టులో వైరస్ కనబడకపోతే ఆ గొప్ప కషాయానిదా?

ఈ పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు నాతోపాటు ఏఆర్‌టీ సెంటర్‌లో హెచ్‌ఐవీ మందులు తీసుకునేవాళ్లే. "ఒక్క మండలం, 48 రోజులు ఈ కషాయం తాగితే హెచ్‌ఐవీ మాయం. ఇంగ్లీషు మందులు కిడ్నీలను తినేస్తాయి, వెంటనే ఆపండి" అని మొదలవుతుంది. తర్వాత ఏం తినాలి, ఏం తినకూడదు, ఇంట్లో ఎలా ఉండాలి అని పెద్ద జాబితా. చివర్లో ఒక ఫోన్ నంబరు, 'రుజువు' అంటూ ఒక ల్యాబ్ రిపోర్టు ఫొటో. మొదట చూసి వదిలేశాను. నిన్న మా గ్రూపులో ఒక తమ్ముడు "అక్కా, నేనూ ఆపి చూడనా?" అని అడిగాక ఊరుకోలేకపోయాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. కంచం, గ్లాసు, బాత్‌రూమ్ వేరుగా పెట్టుకోవాలట. అక్కర్లేదు. దీనికి ఇంతకుమించి జవాబు రాయను. ఈ మాట వల్ల సొంత ఇంట్లోనే ఓ మూల కూర్చుని తిన్నవాళ్లు మనలో ఎంతమందో మీకూ తెలుసు. గుడ్డు, మాంసం, పెరుగు మానేయాలట. ఒంటికి బలం కావాల్సిన మనిషి చేత గుడ్డు మాన్పించి ఏం సాధిస్తారు? బాగా ఉడికిన గుడ్డు, పప్పు, వేరుశనగలు, ఆకుకూర, ఇంట్లో ఏది కుదిరితే అది తినండి. నడవకూడదు, బరువు పనులు చేయకూడదు అన్నదీ అంతే. నేను రోజూ ముప్పావు గంట నడుస్తాను.

ఇక ఆ ఫొటో సంగతి. అందులో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది, అంటే పరీక్షలో వైరస్ కనబడలేదని. కషాయంతో వైరస్ పోయిందనడానికి అదే సాక్ష్యమట. అలాంటి రిపోర్టులు నా దగ్గరా ఉన్నాయి. నేను కషాయం చుక్క కూడా తాగలేదు. రోజూ ఒక టీఎల్‌డీ మాత్ర వేసుకుంటాను. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర అది. ఫొటోలోని మనిషి రక్తం ఇచ్చేనాటికి ఏ మందు వాడుతున్నారో మెసేజ్‌లో ఎందుకు లేదు? కషాయానికి ముందు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఎంత? మాత్ర మానేసి ఉత్త కషాయంతో ఏడాది గడిచాక ఎంత? ఏదీ లేదు! మాత్ర చేసిన పనిని ఆ కషాయం మనిషి తన ఖాతాలో రాసుకుంటున్నాడు, అంతే.

పరీక్షలో కనబడకపోవడం వేరు, ఒంట్లో లేకపోవడం వేరు. కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతూనే ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాలకే మళ్లీ లేస్తుంది. హెచ్‌ఐవీ పూర్తిగా పోయిందని డాక్టర్లు చెప్పిన మనుషులు ప్రపంచం మొత్తంలో అతి కొద్దిమంది. వాళ్లలో ఎక్కువమంది బ్లడ్ క్యాన్సర్ కోసం, ప్రాణానికి తెగించి, మూలకణాల మార్పిడి చేయించుకున్నవాళ్లు. మరి ఈ కషాయం మనిషి అలాంటి వైద్యాన్ని సీసాలో పోసి కొరియర్‌లో పంపిస్తాడా? అంత నమ్మకం ఉంటే ఏ ఏఆర్‌టీ సెంటర్ ముందైనా బల్ల వేసుకుని కూర్చోమనండి. మన అందరి రిపోర్టులూ ముందుపెట్టి అడుగుదాం. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. మందుతో నయం చేస్తామని చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది. ఎయిడ్స్ అందులో ఉంది.

కిడ్నీల మాటలో మాత్రం కొంత నిజముంది. టెనోఫోవిర్ కొందరి కిడ్నీల మీద ప్రభావం చూపిస్తుంది. అందుకే కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. చేయకపోతే అడిగి చేయించుకోండి. తేడా ఉంటే డాక్టర్ వేరే మందుకు మారుస్తారు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మందులంటే మనలో పాతవాళ్లకున్న భయం ఉత్తిది కాదు. 2009లో నాకు మొదట ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఉండేది. బుగ్గలు లోపలికి పోయాయి, అరికాళ్లు మండేవి, అద్దం చూసుకోవడమే మానేశాను. అప్పట్లో ఎవరైనా ఈ మెసేజ్ పంపి ఉంటే నేనూ నమ్మేదాన్నేమో. ఆ మందును తర్వాత తీసేశారు. ఇప్పటి మాత్రతోనూ కొందరికి నిద్ర పట్టదు, కొందరు బరువు పెరుగుతారు. అది డాక్టర్‌కు చెప్పుకోవాల్సిన విషయం, మాత్ర మానేయడానికి కారణం కాదు.

ఎందుకంటే మానేస్తే ఏమవుతుందో నేను చూశాను. మాతో లైన్లో నిలబడే ఒకన్నయ్య పసరు మందు నమ్మి ఆరు నెలలు ఆపేశాడు. టీబీ మెదడుకు ఎక్కాక ఆస్పత్రికి తీసుకొచ్చారు. మళ్లీ ఇంటికి వెళ్లలేదు. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకైతే ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే కాలేయం ప్రమాదంలో పడుతుంది. ఆ మెసేజ్ రాసినవాడికి ఇది తెలుసా? తెలిసే రాశాడా?

మెసేజ్‌లో ఇంకో లైను ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. మాత్ర ఆపలేనివాళ్లు దాంతోపాటే ఖాళీ కడుపున ఆ కషాయం వాళ్ల కాల్షియం, ఐరన్ పొడి వేసుకోవాలట. అలా వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం, ఐరన్ వేసుకోవాల్సి వస్తే అన్నం తిన్నాక మాత్రతో కలిపి వేసుకోవచ్చు. లేదంటే మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో వేసుకోవాలి. గ్యాస్ కోసం తాగే సిరప్‌కైతే అన్నంతో కలిపినా కుదరదు, ఈ గంటల తేడా పాటించాల్సిందే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఈ మాత్ర సంగతి షుగర్ డాక్టర్‌కు తప్పక చెప్పండి. రెండూ కలిస్తే మెట్‌ఫార్మిన్ డోసు తగ్గించాల్సి రావచ్చు. చెప్పుకోవడానికి ఎంత టెన్షనో నాకు తెలుసు. మన అనుమతి లేకుండా మన సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది, ధైర్యంగా అడగండి.

ఇప్పటికే ఆపేసినవాళ్లు ఉంటే, రేపు పొద్దున్నే మీ ఏఆర్‌టీ పుస్తకం తీసుకుని సెంటర్‌కు వెళ్లండి. తిడతారని ఆగొద్దు. ఏ తేదీన ఆపారో, ఏం తాగారో ఉన్నదున్నట్టు కౌన్సెలర్‌కు చెప్పండి. వెళ్లేలోపు ఏదైనా అడగాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఒంటరిగా వెళ్లలేకపోతే గ్రూపులో ఒక్క మాట పెట్టండి, నేను వస్తాను.